ఆకాశానికి వడ్డాణం

1874 డిసెంబరు 9 ఉదయం శుక్రుడు నల్లని చుక్కలా సూర్యబింబం మీదుగా సాగిపోయాడు. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లోని సొంత వేధశాలలో అంకితం వెంకట నరసింగరావు దుర్భిణికి కన్ను ఆనించి, ఆ చుక్క సూర్యుడి అంచును తాకిన, విడిచిన క్షణాలను గడియారంతో సరిచూసి రాసుకున్నారు. ఆ ఫలితాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. అదే రోజు అదే పని భూమి మీద ఎన్నో చోట్ల జరిగింది. అందరి ప్రశ్నా ఒక్కటే: సూర్యుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడు? అది తేలితే భూమి సూర్యుడి చుట్టూ చుట్టివచ్చే వలయం ఎంత పెద్దదో తేలుతుంది. ఆ వలయానికి తెలుగులో మనం వాడే మాట కక్ష్య. ఉపగ్రహం ఎగిరిన ప్రతిసారీ పత్రికల్లో చదివే ఈ మాటను చాలామంది ఇంగ్లీషు ఆర్బిట్‌కు పండితులు కుదిర్చిన సమానార్థకం అనుకుంటారు, గ్రహం నడిచే దారి అని అర్థం చెప్పుకుంటారు. నా వాదన వేరు. కక్ష్య మొదట దారి పేరు కాదు, చుట్టుకొలత పేరు. నడుముకు బిగించే పట్టీ పేరు ఆకాశానికెక్కింది. అది గుర్తు పెట్టుకుంటే మన పాత జ్యోతిశ్శాస్త్రం ఏ ప్రశ్న వేసుకుందో, ఆ ఉదయం విశాఖలో జరిగిన పనికీ ఆ ప్రశ్నకూ ఉన్న చుట్టరికం ఏమిటో స్పష్టమవుతుంది.

మాట పుట్టుక శరీరం దగ్గర మొదలవుతుంది. సంస్కృతంలో కక్షం అంటే చంక. చంకకు సంబంధించింది, చంక కిందుగా పోయేది కక్ష్య. గుర్రం ముందుకాళ్ళ మొదట్లో కడుపు చుట్టూ తిప్పి బిగించే పట్టీకి ఋగ్వేదకాలం నుంచీ ఇదే పేరు. అమరకోశం ఈ మాటకు మూడు అర్థాలు ఇస్తుంది: ఏనుగు నడుముకు కట్టే పట్టా, స్త్రీలు నడుముకు పెట్టుకునే వడ్డాణం, మేడలో ఒక ఆవరణ. మూడింటిలోనూ ఉన్నది చుట్టి ఉండడమే. రామాయణంలో రాజు దర్శనానికి వెళ్ళేవాళ్ళు కక్ష్య తరవాత కక్ష్య దాటుతారు, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిన ఆవరణలు దాటుతారు. హిందీలో కక్షా అంటే తరగతి కావడానికీ ఈ గది అర్థమే మూలం. ఇక వడ్డాణం సంగతి చూడండి. వడ్డాణం చేయించాలంటే కంసాలి ముందుగా చేసే పని నడుము చుట్టూ తాడు తిప్పి కొలత తీసుకోవడం. రాళ్ళూ చెక్కుడుపనీ ఆ తరవాతి మాట. కొలత తప్పిన వడ్డాణం ఎంత బంగారం పోసినా నడుముకు నిలవదు. పట్టీ అన్నాక దాని మొదటి గుణం పొడవు, ఆ పొడవు ఎప్పుడూ లోపల ఉన్న దాన్ని బట్టే ఉంటుంది. ఆకాశంలో గ్రహం చుట్టివచ్చే వలయానికి ఈ పేరు పెట్టినవాళ్ళ మనసులో ఉన్నదీ ఈ గుణమే.

ఇదంతా సంస్కృతం గోడు, తెలుగు నాలుకకు సంబంధం లేదు అనడానికి వీల్లేదు. ఈ మాట మన వీధి భాషలో మూడు నాలుగు రూపాల్లో తిరుగుతోంది. లక్ష్మి లచ్చి అయినట్టే కక్ష కచ్చ అయింది. కచ్చ బిగించి కట్టారంటే పంచె కొంగును కాళ్ళ మధ్య నుంచి తీసి వెనక దోపారని. వాడికి నా మీద కచ్చ అంటే లోపల పెట్టుకున్న పగ. ఆ పగకే తత్సమ రూపం కక్ష. దాని పక్కన వచ్చే క్రియను గమనించండి: కక్ష కడతారు. పగ పడతారు, పంతం పడతారు, కోపం తెచ్చుకుంటారు. కక్షను మాత్రం కడతారు. కట్టేది నడికట్టునే కదా. సంస్కృతంలో బద్ధకక్ష్యుడు అంటే నడికట్టు బిగించి దేనికైనా సిద్ధపడినవాడు. తెలుగులో నడుం కట్టడం మంచి పనికి పూనుకోవడమైతే, కక్ష కట్టడం ఒకరి మీదికి పూనుకోవడమైంది. దీనికి ఒక అభ్యంతరం ఉంది. కక్షి అంటే వ్యాజ్యంలో ఒక పక్షం, కక్షిదారు అంటే ఆ పక్షం మనిషి. కన్నడంలో ఈ మాటలు ఉన్నాయి, తమిళంలో రాజకీయ పార్టీని కట్చి అంటారు. కాబట్టి పగ అనే అర్థం ఎదుటి పక్షం అనే భావం నుంచి వచ్చి ఉండవచ్చు కదా? రావచ్చు. సంస్కృతంలోనే కక్షకు పోటీ, సాటి అనే అర్థాలు ఉన్నాయి. అయితే ఆ పక్షం అర్థం వెనకాల ఉన్నదీ శరీరంలో ఒక పక్కే, అంటే చంక ఉండే పార్శ్వమే. పైగా పక్షం అర్థం ఒక్కటే మూలమైతే కట్టు అనే క్రియ ఎందుకు అతుక్కుందో చెప్పలేం. రెండు పాయలూ తెలుగులో కలిశాయనుకోవడం సబబు. కలిసినా పట్టీ బిగింపు జాడ ఆ క్రియలో చెరగకుండా నిలిచింది.

ఇప్పుడు ఆకాశం వైపు వద్దాం. కక్ష్య కొలత పేరు అనడానికి అన్నిటికంటె గట్టి సాక్ష్యం పాత జ్యోతిశ్శాస్త్ర గ్రంథమైన సూర్యసిద్ధాంతంలో ఉంది. తెలుగువాళ్ళు దీన్ని ఎంత దగ్గరగా చదివారంటే, 12వ శతాబ్దంలోనే వేంగికి చెందిన మల్లికార్జున సూరి దీనికి తెలుగులోనూ సంస్కృతంలోనూ వ్యాఖ్యలు రాశాడు. ఆ గ్రంథం కక్ష్యలను యోజనాల్లో చెబుతుంది. చంద్రుడి కక్ష్య 3,24,000 యోజనాలు. సూర్యుడిది 43,31,500. శనిది 12,76,68,255. ఇవి భూమి నుంచి దూరాలు కావు, చుట్టుకొలతలు. వీటిని కట్టిన తీరు ఇంకా చెప్పుకోదగ్గది. వలయంలో 360 భాగలు, భాగకు 60 కళలు, మొత్తం 21,600 కళలు. చంద్రుడి వలయంలో కళకు 15 యోజనాల చొప్పున 3,24,000 వస్తుంది. దాన్ని కల్పం అనే మహాకాలావధిలో చంద్రుడు తిరిగే చుట్ల సంఖ్యతో గుణిస్తే 18,71,20,80,86,40,00,000 యోజనాలు. ఇది ఆకాశకక్ష్య, సూర్యకిరణాలు వ్యాపించే మేర. దీన్ని కల్పంలో ఏ గ్రహం చుట్ల సంఖ్యతో భాగిస్తే ఆ గ్రహం కక్ష్య వస్తుంది. ప్రతి గ్రహమూ రోజుకు ఒకే దూరం, సుమారు 11,859 యోజనాలు నడుస్తుందన్నది దీని వెనక ఉన్న సూత్రం. నెమ్మదిగా కనిపించే గ్రహం నిజానికి నెమ్మది కాదు, దాని పట్టీ పెద్దది, అంతే. ఆకాశంలో జాడ పట్టి గీసిన గీత ఇది కాదు. గుణించి భాగించి తేల్చిన కొలత. దారిని ఎవరూ భాగహారంతో కనుక్కోరు.

ఈ పట్టీల వరస ప్రతి తెలుగింటి గోడ మీదా వేలాడుతోంది. పెద్ద కక్ష్య నుంచి చిన్నదానికి దిగుతూ వస్తే శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. ఈ వరసలో ఒకరిని పట్టుకుని, ఆ ఒకరితో కలిపి నాలుగో వారిని లెక్కపెడుతూ పోండి. శని నుంచి నాలుగోవాడు సూర్యుడు, సూర్యుడి నుంచి నాలుగోవాడు చంద్రుడు, చంద్రుడి తరవాత చుట్టు తిరిగి శని, గురుడు, కుజుడు. శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం. రోజుకు 24 హోరలు, హోరకొక అధిపతి అని వరసగా పంచితే మర్నాటి మొదటి హోర ఇలా నాలుగోవాడికే దక్కుతుంది. వారాల పేర్లు దేశాలు దాటి వచ్చినవే, ఈ పద్ధతి మన ఒక్కరి సొత్తు కాదు. అయినా మన సిద్ధాంతులు దానికి చెప్పుకున్న కారణం కక్ష్యల వరసే. సోమవారం తరవాత మంగళవారం ఎందుకు వస్తుందని అడిగితే జవాబు గ్రహాలు నడిచే దారిలో దొరకదు, ఏ పట్టీ ఎంత పెద్దదన్న వరసలోనే దొరుకుతుంది.

ఈ కొలతలు సరైనవేనా అన్నది న్యాయమైన ప్రశ్న, దానికి తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. సూర్యసిద్ధాంతం ప్రకారం భూమి వ్యాసం 1,600 యోజనాలు. ఆ లెక్కన చంద్రుడి కక్ష్యను బట్టి చంద్రుడి దూరం కట్టి చూస్తే భూమి వ్యాసార్ధానికి సుమారు 64 రెట్లు వస్తుంది. ఇప్పటి కొలత 60 రెట్లు. దుర్భిణి లేని కాలంలో ఇది మెచ్చదగ్గ దగ్గరితనం. సూర్యుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క బెడిసింది. ఆ గ్రంథం ప్రకారం సూర్యుడి దూరం భూ వ్యాసార్ధానికి 862 రెట్లు, నిజానికి 23,000 రెట్లకు పైగా ఉంది. మన సూర్యుడి వడ్డాణం దాదాపు 27 రెట్లు పొట్టిగా వచ్చింది. తప్పు చంద్రుణ్ని కొలవడంలో లేదు, అన్ని గ్రహాల నడకా సమానమన్న సూత్రంలో ఉంది. దాన్ని పసిగట్టడం కూడా తేలిక కాదు. భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి చూసినప్పుడు సూర్యుడు పక్కకు జరిగినట్టు కనిపించే కోణాన్ని లంబనం అంటారు. సూర్యసిద్ధాంతం లెక్కన అది సుమారు 4 కళలు. నక్షత్రాలు కనిపించని పగటి ఆకాశంలో, కన్ను ఎదురుగా నిలవలేని వెలుగులో దాన్ని నేరుగా పట్టడం ఎవరివల్లా కాలేదు. ఐరోపాలో టాలమీ నుంచి టైకో బ్రాహీ దాకా సూర్యుడి లంబనాన్ని 3 కళల దగ్గర్లోనే ఉంచారు. నిజమైన విలువ 8.8 వికళలు, కళలో దాదాపు ఏడో వంతు మాత్రమే. కాబట్టి ఇది మనవాళ్ళ తెలివితక్కువ అనడమూ సరికాదు, పాత గ్రంథంలో అంతా సరిగ్గానే ఉందనడమూ సరికాదు. ప్రశ్న సరైనది, సాధనం చాలలేదు.

ఆర్బిట్ అనే మాట కథ వేరు. లాటిన్‌లో ఆర్బిటా అంటే బండి చక్రం నేల మీద వేసిన జాడ. తెలుగులో దానికి అచ్చమైన మాట గాడి. బండి గాడిలో పడింది, గాడి తప్పింది అంటామే, ఆ గాడి. గ్రహాలను మోసే గాజు గోళాలున్నాయన్న పాత నమ్మకం కూలాక, గోళం లేకపోతే గ్రహం ఖాళీలో ఏ ఆకారంలో పోతోందన్న ప్రశ్న ఐరోపాలో తలెత్తింది. 1609లో వెలువడిన గ్రంథంలో కెప్లర్ కుజుడి గాడి గుండ్రన కాదు, దీర్ఘవృత్తం అని తేల్చాడు. అక్కడ మాట దారి జాడది, ఇక్కడ మాట నడికట్టుది. ఒకరు ఆకారం అడిగారు, ఒకరు పరిమాణం అడిగారు. ఈ తేడా చూపడం ఒకరిని పెంచి ఇంకొకరిని తగ్గించడానికి కాదు. ఒకే వలయాన్ని రెండు సమాజాలు రెండు వైపుల నుంచి పట్టుకున్నాయి, ఆ పట్టు రెండు మాటల్లోనూ మిగిలింది.

విశాఖ వేధశాల ఈ రెండూ కలిసిన చోటు. దాన్ని 1840ల మొదట్లో నెలకొల్పినది జమీందారీ కుటుంబానికి చెందిన గొడే వెంకట జగ్గారావు. ఆయన మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని వచ్చారు. 1856లో ఆయన మరణించాక అల్లుడు నరసింగరావు ఆ బాధ్యత చేపట్టారు. రేవు ఊరికి ఖగోళం వినోదం కాదు. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తెలియాలంటే కెప్టెన్ దగ్గర నమ్మకమైన గడియారం ఉండాలి, దాన్ని రేవులో సరిచూసుకోవాలి. స్థానికులు యారాడ కొండ అని పిలిచే డాల్ఫిన్స్ నోస్ మీది జెండా కొయ్య నుంచి ఓడలకు సమయం తెలిపే ఏర్పాటు ఈ వేధశాల సేవల్లో ఒకటి. నరసింగరావు గ్రహణాలు చూశారు, సూర్యుడి మీదుగా బుధుడు సాగడం చూశారు, వాతావరణ వివరాలు నమోదు చేయించారు. ఆయన సతీమణి పేరు మోసే మిసెస్ ఏవీఎన్ కళాశాల నేటికీ ఆ ఊళ్ళో పాఠాలు చెబుతోంది. ఈ పనులన్నిటిలో 1874 నాటిది వేరే కోవకు చెందింది. శుక్రుడు సూర్యుడి మీదుగా పోయేటప్పుడు ఉత్తరాన ఉన్నవాడికి ఒక గీత మీద, దక్షిణాన ఉన్నవాడికి ఇంకో గీత మీద పోతున్నట్టు కనిపిస్తాడు. ఆ గీతల నిడివి తేడా వల్ల ప్రయాణానికి పట్టే సమయమూ మారుతుంది. దూరదూరాల నుంచి తీసిన క్షణాలను సరిపోల్చితే సూర్యుడి లంబనం వస్తుంది. 1716లో ఎడ్మండ్ హేలీ వివరించిన ఉపాయమిది. చిక్కల్లా తాకిడి క్షణం దగ్గరే: శుక్రబింబం సూర్యుడి అంచు నుంచి విడిపోయే వేళ రెంటి మధ్యా నల్లని బొట్టు సాగినట్టు కనిపిస్తుంది, అది తెగిన క్షణం ఏదని ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పిన దానికి కొన్ని సెకన్లు తేడాగా ఉంటుంది. ఆ సెకన్ల మీదే భూమి నడికట్టు కొలత ఆధారపడి ఉంది.

నరసింగరావు రాసింది ఇంగ్లీషులో, పంపింది లండన్‌కు, వాడింది కెప్లర్ నుంచి వచ్చిన గణితం. అలాంటప్పుడు ఆయన పనికి కక్ష్య అనే మాటను తగిలించడం తరవాతి కాలపు ఊహ కాదా? ఈ అభ్యంతరాన్ని పక్కన పెట్టలేం. సూర్యసిద్ధాంతాన్ని సరిదిద్దాలని ఆయన శుక్రుణ్ని చూశారని నేను అనడం లేదు. నేను అనేది ప్రశ్నల వారసత్వం గురించి. సూర్యుడి లంబనం ఎంత, దాన్నిబట్టి వలయం ఎంత అన్నది వేంగి వ్యాఖ్యాత కాలం నుంచీ ఈ నేల మీద ప్రతి సిద్ధాంతీ లెక్కల్లో ఉన్న ప్రశ్న. దానికి సరైన జవాబు తెచ్చిన ప్రపంచవ్యాప్త శ్రమలో ఒక పాలు డాబా గార్డెన్స్‌లో పడింది. ఇదే తీరానికి ఎగువన ఒడిశాలోని ఖండపడలో పఠాణీ సామంత చంద్రశేఖరుడు వెదురు సాధనాలతో ఆకాశం చూస్తూ సంస్కృతంలో సిద్ధాంతదర్పణం రాశాడు. అందులో 1874 నాటి ఈ శుక్రగమనం ప్రస్తావన ఉంది. ఒకే ఆకాశ ఘటన ఒక చోట దుర్భిణి భాషలోకి, ఇంకో చోట సిద్ధాంత భాషలోకి ఎక్కింది. ఆ రెండు భాషలూ ఒకదానికొకటి తలుపులు మూసుకున్నవి కావని చెప్పడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మిగిలిన అభ్యంతరం శాస్త్రం చదివినవాళ్ళది. కక్ష్య గుండ్రని పట్టీ, గ్రహాల దారి దీర్ఘవృత్తం. అలాంటప్పుడు తమిళుల సుట్రుప్పాదై లాగా చుట్టుదారి అనే అర్థమొచ్చే మాట తెలుగుకూ మేలు కదా అంటారు. దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి, గ్రహం సరిగ్గా కక్ష్యావృత్తం మీదే నడుస్తుందని సిద్ధాంతులు అనుకోలేదు. గ్రహం ఒకచోట త్వరగా, ఒకచోట నెమ్మదిగా కదలడం వాళ్ళు చూశారు. అందుకే కేంద్రం పక్కకు జరిగిన ప్రతిమండలాన్నీ ఉచ్చ అనే దూరబిందువునూ లెక్కలోకి తెచ్చారు. కక్ష్యావృత్తం వాళ్ళకు సగటు కొలత. రెండు, కెప్లర్ 1619లో ప్రకటించిన మూడో నియమం ప్రకారం గ్రహం ఒక చుట్టుకు తీసుకునే కాలాన్ని నిర్ణయించేది దీర్ఘవృత్తపు సాగుడు కాదు, దాని పెద్ద అక్షం పొడవు, అంటే ఆ వలయపు పరిమాణం. చుట్టు ఎంత పెద్దదైతే కాలం అంత అని సూర్యసిద్ధాంతం అంది. కాలపు వర్గం దూరపు ఘనాన్ని అనుసరిస్తుందని కెప్లర్ అన్నాడు. జవాబు మారింది, పట్టీ పొడవుకూ కాలానికీ ముడి ఉందన్న పునాది మారలేదు. ఆ ముడిని పేరులోనే మోస్తున్న మాటను వదులుకోవలసిన అవసరం లేదు.

మన రోజువారీ వాడుక కూడా దీన్నే బలపరుస్తోంది. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయలుదేరాక, ఇంజను మండించిన ప్రతిసారీ తెలుగు పత్రికలు రాసిన మాట కక్ష్య పెంపు. చంద్రుణ్ని చేరాక కక్ష్య తగ్గింపు. దారిని మారుస్తాం, మళ్ళిస్తాం, పొడిగిస్తాం. పెంచడం, తగ్గించడం కొలతకు చెందిన క్రియలు, నడికట్టును వదులు చేసి బిగించినట్టు. ఆ శీర్షికలు రాసినవాళ్ళు నిఘంటువు తీసి చూసి ఉండరు. మాటలో ఉన్న పాత అర్థమే వాళ్ళ చేత సరైన క్రియను రాయించింది. అందుకే ఒక చిన్న వత్తు గురించి పట్టుదల అవసరం. పగకు కక్ష్య సాధింపు అనీ, ఉపగ్రహానికి కక్షలో తిరుగుతోంది అనీ రాయడం తరచుగా కనిపిస్తోంది. పాత సంస్కృత గ్రంథాల్లో రెండు రూపాలూ కలగలిసి ఉన్నాయి కాబట్టి దీన్ని మహాపరాధం అనలేం. కానీ తెలుగు ఈ జంటను విడదీసి, పగకు కక్షనూ ఆకాశానికి కక్ష్యనూ కేటాయించుకుంది. ఒకే చంక కింద పుట్టిన అక్కచెల్లెళ్ళకు వేర్వేరు ఇళ్ళు కట్టించింది. ఆ తేడా నిలబెట్టడం మన పని. నరసింగరావు గడియారంలో సెకన్లు లెక్కపెట్టింది ఒక వలయపు పొడవు కోసం. కంసాలి తాడు నడుము చుట్టూ తిరిగేదీ అందుకే. ఆ రెండు పనులకూ సరిపోయే ఒకే మాట, యకార వత్తుతో సహా, మన దగ్గర ఎప్పటినుంచో ఉంది.